గదిలో చెప్పాల్సిన మాట

ఆ వానాకాలంలో నేను భయపడినవేవీ జరగలేదు.

మైకు తీగ తడిసి నా కూతురికి షాకు కొట్టలేదు. ఆటో బోల్తా పడలేదు. అవతలి పార్టీవాళ్ళు రాయి విసరలేదు. దాని గొంతు పోలేదు, జ్వరం రాలేదు, మందుల షాపు యజమాని పనిలోంచి తీసెయ్యలేదు. వీటన్నిటికీ నేను వరసపెట్టి భయపడ్డాను. కాజాలు కుట్టే సూది వేలికి గుచ్చుకున్నప్పుడల్లా ఇదేదో కీడుకే అనుకున్నాను. నేను భయపడాల్సింది మాత్రం మా ముందు గదిలోనే, నేనిచ్చిన టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. చక్కెర సరిపోయిందా అని నేనే అడిగాను.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గది, వెనక వంటిల్లు, మధ్యలో ఒక కర్టెన్. నేను దర్జీ షాపుల నుంచి చొక్కాలు తెచ్చుకుని కాజాలు కుట్టి, గుండీలు వేసి ఇస్తాను. నా కూతురు మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. పనయ్యాక, సెలవు రోజుల్లో పార్టీ పని. దాని గొంతు పెద్దది. చిన్నప్పుడు అది ఏడిస్తే వీధి చివర కుక్కలు లేచేవి. పార్టీలో అందరూ దాన్ని మైకు అనే పిలిచేవారు. "మైకు ఉందా అండీ ఇంట్లో?" అని ఎవరైనా అడిగితే కొత్తవాళ్ళు మేం అద్దెకిస్తామనుకునేవారు.

దాన్ని పార్టీలోకి తెచ్చింది మా అన్నయ్య. మా వీధి మలుపులో మోటార్లకు వైండింగ్ కట్టే షాపు ఆయనది. ఎంత పెద్ద మోటారు తెచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. "పైకి బానే ఉంది, లోపల మాడింది" అనేవాడు. విప్పితే అదే నిజమయ్యేది. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే "పార్టీతో ఎప్పుడో అయిపోయిందే" అని నవ్వేవాడు. మా ఊరికి పార్టీ సెక్రటరీ ఆయనే. నా భర్త పోయినప్పటి నుంచి రెండు పూటలా భోజనం మా ఇంట్లోనే.

దాని చిన్నప్పుడు మేనమామకీ మేనకోడలికీ ఒక ఆట ఉండేది. ఆదివారం సాయంత్రం ఎదురెదురుగా కూర్చుని ఆ వారం చేసిన తప్పులు చెప్పుకునేవారు. మావయ్య ముందు చెప్పాలి, అది రూలు. "ఈ వారం ఒక ముసలాయన మోటారు బాగవ్వదని తెలిసీ రెండు రోజులు ఉంచుకున్నాను. ఆశ పెట్టాను. తప్పు." అప్పుడిది, పళ్ళూడిన నోటితో, "అమ్మ కత్తెర నేనే పోగొట్టాను. పిల్లి మీద చెప్పాను. తప్పు" అనేది. ఆయన గంభీరంగా తలూపేవాడు. "తప్పు ఒప్పుకున్న మనిషే బాగుపడతాడు. తప్పు ఒప్పుకున్న పార్టీయే బతుకుతుంది." అది తలూపేది, ఏదో అర్థమైనట్టు. ఆ మాట దానికి అంత లోతుగా దిగుతుందని నేను గానీ ఆయన గానీ అనుకోలేదు.

మునిసిపాలిటీ అప్పట్లో మా పార్టీ చేతిలోనే ఉంది. ఎన్నికలకు ముందు ఏడాది, రోడ్డు వెడల్పు చేస్తామని ఊరి మధ్యలో ఉన్న కూరగాయల మార్కెట్‌ని తీసి బైపాస్ అవతల పల్లపు నేలకు మార్చారు. రేకుల షెడ్లు వేస్తామన్నారు. వెయ్యలేదు. ఆ ఆడవాళ్ళంతా మొదటి నుంచీ మా పార్టీ మనుషులే. ఊరేగింపు ఉందంటే తక్కెడలు బోర్లించి వచ్చేవాళ్ళు.

వానలు పడ్డాయి, ఎన్నికలూ వచ్చాయి. ఓ మధ్యాహ్నం మా అమ్మాయి ఆటో ప్రచారం నుంచి తడిసి వచ్చింది. తల తుడుచుకోవే, జలుబు చేస్తుంది, జలుబు న్యుమోనియా అవుతుంది అని నేను తువ్వాలు పట్టుకుని వెంటపడుతున్నాను. అది వినిపించుకోకుండా భోజనం చేస్తున్న అన్నయ్య ముందు కూర్చుంది.

"మావయ్యా, మార్కెట్ వాళ్ళు ఈసారి మనకెయ్యరు."

"ఎవరన్నారు?"

"ఎవరూ ఏమీ అనట్లేదు, అందుకే చెప్తున్నా. ఇదివరకు మన ఆటో కనిపిస్తే చాలు, మీదపడి తిట్టేవాళ్ళు. పంపు లేదు, లైటు లేదు, మీ సెక్రటరీకి బుద్ధి లేదు అని. ఇప్పుడు నమస్కారం పెడుతున్నారు."

అన్నయ్య చేతిలో ముద్ద ఆగింది.

"నువ్వే కదా చెప్పావు, తిట్టేవాడు మనవాడు, దండం పెట్టేవాడు చెయ్యిజారిపోయినవాడు అని."

"చెప్పాన్లే. అయితే ఏం చేద్దామంటావ్?"

"ఒప్పుకుందాం. మార్కెట్ మార్చడం తప్పయిందని మనమే చెప్దాం. గెలిస్తే వెనక్కి తెస్తామని చెప్దాం."

"ఎన్నికలు నెత్తిమీద పెట్టుకునా? పెళ్ళివారు గుమ్మంలో నిలబడి ఉంటే ఇంట్లో బూజులు దులుపుతామటే?"

"దులపకపోతే తుమ్ముకుంటూ వాళ్ళే వెనక్కి పోతారు మావయ్యా."

నాకు నవ్వొచ్చింది. అన్నయ్యకి రాలేదు.

"ఎన్నికలయ్యాక సమీక్ష ఉంటుంది. అందరం కూర్చుంటాం, ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకుంటాం. నీ మాట అక్కడ చెప్పు. గదిలో చెప్పాల్సిన మాట గదిలో చెప్పాలి."

"పోయినసారీ ఇదే అన్నావు. తీరా అయ్యాక, గెలిచాం కదా ఇంకేం సమీక్ష అన్నావు. ఓడిపోతేనే తప్పులుంటాయా?"

"చూశావుటే నీ కూతురు, ఎంత మాటలు నేర్చిందో!"

"నేర్పిందెవరో?" అన్నాను, తువ్వాలు దాని నెత్తిన పడేసి.

అది విసురుగా లేచి పెరట్లోకి పోయింది. అన్నయ్య చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చాడు. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో, నా వైపు చూడకుండా అన్నాడు.

"అది చెప్పేది అబద్ధం కాదే. మార్కెట్ మార్చొద్దని కమిటీలో అరిచి చెప్పినవాణ్ణి నేనే. ఒక్కడినే. ఓడిపోయాను. బయటికొచ్చి, మార్చడమే మంచిదని పదిమందికీ చెప్పాను."

"మరి అబద్ధం కదా అన్నయ్యా?"

"లోపల కొట్లాడాలి, బయట ఒక్క మాట మీద ఉండాలి. ఎవడిష్టం వాడు మాట్లాడితే అది పార్టీ కాదు, రచ్చబండ." కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు కోసం చూసి, లేకపోతే పంచెకే తుడుచుకున్నాడు. "దానికి చెప్పకు ఈ సంగతి. ఇంకా ఎగురుతుంది."

నేను చెప్పలేదు. చెప్తే అది ఎక్కడ ఏం మాట్లాడుతుందో, ఎవరు ఏం చేస్తారో అని భయం. మా ఇంట్లో ఎప్పుడూ అంతే, వంటింట్లో మాట వంటింట్లోనే ఉడికిపోవాలి.

ప్రచారం ఆఖరి రోజు వాన తెరిపివ్వలేదు. అమ్మాయి గొడుగు మర్చిపోయి వెళ్ళింది. మర్చిపోయిందో, కావాలనే వదిలేసిందో. తడి చేతులతో మైకు పట్టుకుంటే కరెంటు ఎలా పాకుతుందో ఎవరో చెప్పగా విని ఉన్నాను. గుండీలు కుడుతున్న చొక్కా అలాగే పడేసి గొడుగు పట్టుకుని బయల్దేరాను. వీధి వీధీ తిరిగితే చివరికి బైపాస్ అవతల దొరికింది ఆటో, కొత్త మార్కెట్‌లో, వెనక చక్రాలు బురదలో సగానికి దిగబడి.

ఆ నేలని నేను చూడటం అదే మొదలు. పట్టాలు పరిచి వాటి మీద కూరలు, పట్టాల కింద నీళ్ళు. కొంతమంది గోనెసంచులు నెత్తిన కప్పుకుని కూర్చున్నారు. ఆటో చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ సాయం పట్టట్లేదు, ఎవరూ నవ్వట్లేదు. డ్రైవరు ఊరికే ఇంజను గీపెట్టిస్తున్నాడు.

నాకు తెలిసిన ఉల్లిపాయలామె అక్కడే ఉంది. పాత మార్కెట్‌లో ఆమె దగ్గరే కొనేదాన్ని. నన్ను చూసి లేచి, రెండు చేతులూ జోడించింది.

"రండమ్మా. సెక్రటరీ గారి చెల్లెలు గారు. కూర్చోండి. పట్టు పరుపు వేశారు మీ వాళ్ళు మాకు."

పాత మార్కెట్‌లో ఆమె నన్ను 'ఏమే పిరికిదానా' అని పిలిచేది. ఆ గారూ గీరూ వినేసరికి నాకు చెంప మీద కొట్టినట్టయింది.

అమ్మాయి ఆటోలోంచి ఇదంతా చూస్తోంది. మైకు దాని ఒళ్ళో ఉంది. చేతిలో పార్టీ రాసిచ్చిన కాగితం, తడిసి మెత్తబడి. దాన్ని మడిచి సీటు మీద పెట్టింది. మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ఒకసారి ఊదింది, అలవాటుగా.

"ఈ మార్కెట్ ఇక్కడికి మార్చడం మా తప్పు" అంది.

అంత పెద్ద గొంతూ మామూలుగా, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు వచ్చింది. కానీ ఆటో మీది మైకు హారన్లు రెండూ దాన్ని బైపాస్ దాకా మోసుకుపోయాయి.

"మిమ్మల్ని అడక్కుండా మార్చాం, అదొక తప్పు. షెడ్లు వేస్తామని వెయ్యలేదు, అది రెండోది. ఇదంతా తెలిసీ ఇన్ని రోజులు మీ ముందుకొచ్చి ఓటెయ్యండని అరిచాను, అది నా తప్పు. ఇంక మీ ఇష్టం."

మైకు కట్టేసింది. అయిపోయింది, ఇప్పుడు రాళ్ళు పడతాయి అనుకున్నాను. గొడుగు ముందుకు పట్టుకున్నాను, అదేదో రాళ్ళను ఆపేట్టు.

ఉల్లిపాయలామె నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇప్పుడా చెప్పేది, దొంగముఖాల్లారా! మా చంటిది ఈ బురదలో జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాక గుర్తొచ్చిందా తప్పు? ఆ సెక్రటరీ ఏడీ, బురదకి దడిసి ఇంట్లో పడుకున్నాడా? రమ్మనండి వాణ్ణి, ఈ తక్కెడతోనే తూస్తాను!"

ఆమె వెనక ఇంకొకామె అందుకుంది. తర్వాత అందరూ. అంత తిట్టు నేనెప్పుడూ వినలేదు. మా అన్నయ్యనీ, పార్టీనీ, పార్టీ పుట్టుకనీ, ఎవర్నీ వదల్లేదు. తిడుతూ తిడుతూనే నలుగురు ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని ఆటో వెనక్కి వచ్చి భుజాలు ఆనించారు. "తొయ్యవే పిరికిదానా, గొడుగు పట్టుకుని పెళ్ళికొచ్చినట్టు నిలబడ్డావేం?" అంది ఉల్లిపాయలామె నన్ను. తోశాను. ఆటో ఊగి ఊగి బయటపడింది. మొహం నిండా బురద చిమ్మింది. నా కూతురు వెనక్కి తిరిగి మా అందరినీ చూసి, చిన్నప్పుడు కత్తెర సంగతి చెప్పేసిన రోజు నవ్వినట్టు నవ్వింది.

ఇంటికొచ్చాక నేనే దాన్ని తిట్టాను. నీకెందుకే, పెద్దవాళ్ళు లేరూ, మావయ్య పరువేం కావాలి అని. అది బురద కడుక్కుంటూ, "మావయ్య చెప్పిందే కదమ్మా చెప్పాను" అంది.

పార్టీ ఓడిపోయింది. ఊళ్ళో చాలా వార్డుల్లో ఓడిపోయింది, చిన్న తేడాతో కొన్ని, పెద్ద తేడాతో కొన్ని. మార్కెట్ వాళ్ళుండే వార్డుల్లో మాత్రం గెలిచింది. ఈ సంగతి నేను ఉల్లిపాయలామె నోటనే విన్నాను. మా ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. అన్నయ్య భోజనానికి వచ్చేవాడు, తినేవాడు, వెళ్ళేవాడు. అమ్మాయి దెప్పిపొడిచేది. "మావయ్యా, గెలిచిన వార్డుల్లో ఏం తప్పు జరిగిందో కనుక్కున్నావా?" ఆయన "తిననివ్వవే" అనేవాడు. అప్పటికింకా బాగానే ఉంది. దెప్పుతోంది, ఆయన కసురుతున్నాడు.

తర్వాత కబురొచ్చింది, సమీక్షకి పైనుంచి ఒకాయన వస్తున్నాడని. పార్టీ ఆఫీసు కప్పు కారుతోంది కాబట్టి సమావేశం మా ముందు గదిలో పెడతారని. అన్నయ్య ఆ మాట చెప్పి, నన్ను వంటింట్లోకి పిలిచాడు. ఈసారి కుళాయి తిప్పలేదు.

"మైకులో మాట్లాడిన సంగతి పైదాకా పోయింది. అవతలి పార్టీవాళ్ళు ఆ మాటే పట్టుకుని మిగతా వార్డుల్లో ఊదరగొట్టారు, వాళ్ళ నోటితోనే ఒప్పుకున్నారని. అందుకే ఓడామంటున్నారు."

"అందుకేనా అన్నయ్యా?"

"దాన్ని పార్టీలోంచి తీసెయ్యాలంటున్నారు. పేపర్లో ప్రకటన వేసి మరీ. నేను మాట్లాడాను. ఆత్మవిమర్శ చేసుకుంటే హెచ్చరికతో పోతుంది. నా మాట అది వినదు. నువ్వు చెప్పు."

పేపర్లో ప్రకటన అనేసరికి నా కళ్ళముందు అంతా తిరిగింది. దాని పేరు, ఊరందరి చేతుల్లో. షాపు యజమాని చదువుతాడు. రేపు దానికొచ్చే సంబంధం వాళ్ళు చదువుతారు. పార్టీ అండ లేని ఆడపిల్లని అవతలి వాళ్ళు ఏమైనా చెయ్యొచ్చు. ఇలా ఒకదాని వెనక ఒకటి. సమావేశానికి ఉన్న రెండు రోజులూ దాని వెంటపడ్డాను. బతిమాలాను, ఏడ్చాను, అన్నం మానేశాను.

"ఒక్క మాటే కదే. తప్పయిందంటే నీ సొమ్మేం పోతుంది?"

"మార్కెట్లో నేనన్నదీ ఒక్క మాటే కదమ్మా."

"మావయ్య మొహం చూసైనా అను. నిన్ను కాపాడాలని చూస్తున్నాడే ఆయన."

అది అన్నం కంచం నా ముందుకి జరిపింది. "మావయ్య ముందు చెప్తే నేనూ చెప్తా" అంది. "ఆదివారంలాగే."

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతేగా, అదెంత భాగ్యం అనుకున్నాను.

పైనుంచి వచ్చినాయన చెడ్డవాడేమీ కాదు. నెమ్మదైన మనిషి. చెప్పులు బయట విడిచి వచ్చాడు, గోడ మీద నా భర్త ఫోటో చూసి ఎవరని అడిగి అయ్యో అన్నాడు. టీ బాగుందన్నాడు. కమిటీ వాళ్ళు గోడలకి ఆనుకుని చాప మీద కూర్చున్నారు. నేను కర్టెన్ ఇవతల పళ్ళెంలో గ్లాసులు సర్దుతూ విన్నాను.

పద్ధతి ప్రకారం ముందు చిన్నవాళ్ళు చెప్పాలిట. పోస్టర్లు అంటించే ఒకతను లేచాడు. అతనికి అధ్యక్షా అనకుండా మాట రాదు, మా ఇంట్లో మంచినీళ్ళు అడిగినా అధ్యక్షా అనే అడిగేవాడు. "అధ్యక్షా, నేను రెండు చోట్ల పోస్టర్లు తలకిందులుగా అంటించాను. గాలివాన, అధ్యక్షా. తప్పే." అందరూ నవ్వారు. ఇంకొకాయన జ్వరం వల్ల ఒక వీధి తిరగలేదన్నాడు. మరొకాయన తను కోపిష్టినన్నాడు, తగ్గించుకుంటానన్నాడు. మార్కెట్ మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి మరి. మార్కెట్ ఏ ఒక్కరి తప్పూ కాదు.

నా కూతురి వంతు వచ్చింది. లేచి నిలబడింది.

"పెద్దవాళ్ళు ముందు చెప్పాలని నేను చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాను. సెక్రటరీ గారు ముందు చెప్తే, తర్వాత నేను చెప్తాను."

అది ఆయన్ని సెక్రటరీ గారు అనడం ఎప్పుడూ వినలేదు. కానీ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది. నాకు చిన్నప్పుడు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ కనిపించారు.

పైనుంచి వచ్చినాయన నవ్వాడు. "మంచి పద్ధతే. చెప్పండి సెక్రటరీ గారూ."

అన్నయ్య లేచాడు. వేళ్ళకి వైండింగ్ వార్నిష్ మరకలు, ఎంత కడిగినా పోనివి. వాటినే చూసుకుంటూ నిలబడ్డాడు. నేను పళ్ళెం తీసుకుని కర్టెన్ తప్పించి గుమ్మంలోకి వచ్చాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఏం చెప్పాలో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. కుళాయి చప్పుడులో నాతో చెప్పిన ఆ రెండు మాటలే. మార్చొద్దని చెప్పాను, తర్వాత బయట సమర్థించాను. అంతే. నా కూతురు ఆయన మొహంలోకే చూస్తోంది, బురదలోంచి ఆటో బయటపడేటప్పుడు మమ్మల్ని చూసినట్టే.

"నా తప్పు ఒకటుంది" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇంటి పిల్ల కదా అని చనువిచ్చాను. క్రమశిక్షణలో పెట్టలేకపోయాను. అదే నా తప్పు."

పైనుంచి వచ్చినాయన రాసుకున్నాడు.

నేను నోరు తెరిచాను. ఆ గదిలో నిజం తెలిసిన కమిటీ వాళ్ళంతా చాప వైపు చూస్తున్నారు, ఆ నిమిషాన నోరు విప్పడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. అన్నయ్య కళ్ళు వద్దన్నాయో, చెప్పమన్నాయో ఇవాళ్టికీ తేల్చుకోలేను. చెప్తే, గదిలో మాట ఇంటికి మోశాడని ఆయన్ని తీసేస్తారు. ముసలితనంలో పార్టీ లేకుండా ఆయనేం చేస్తాడు? దీన్నీ తీసేస్తారు. ఇద్దరూ పోతారు.

"ఇంకొంచెం టీ పొయ్యమంటారా?" అన్నాను.

"వద్దమ్మా, చాలు" అన్నాడు పైనుంచి వచ్చినాయన.

నా కూతురు ఒక్కసారి నా వైపు చూసింది. దానికి కుళాయి దగ్గరి మాట తెలియదు. కానీ నా మొహం దానికి తెలుసు. తర్వాత ముందుకి తిరిగి, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక వేసుకోండి అని కౌంటరు దగ్గర చెప్పే గొంతుతో చెప్పింది.

"అనుమతి లేకుండా మైకులో మాట్లాడటం నా తప్పు. ఇకమీదట చెప్పమన్నదే చెప్తాను."

"ఇదీ మన పార్టీ గొప్పతనం" అన్నాడు పైనుంచి వచ్చినాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హెచ్చరికతో పోయింది. పేపర్లో ఏమీ రాలేదు. ఆ రాత్రి నేను చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

తర్వాత నా కూతురు చాలా మంచిదైంది. తల తుడుచుకోమంటే తుడుచుకునేది. గొడుగు పట్టుకెళ్ళమంటే పట్టుకెళ్ళేది. సమావేశాలకి వెళ్ళేది, వెనక కూర్చునేది, చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తేది. మావయ్యకి వడ్డించేది. మావయ్యని మీరు అనేది. ఇలాంటి కూతురు కావాలని నేనెన్ని దణ్ణాలు పెట్టుకున్నానో! కోరుకున్నదంతా దొరికాక ఇల్లు ఇంత చప్పగా ఎందుకుందో తెలిసేది కాదు. అన్నయ్య ఆదివారాలు కూడా త్వరగా తిని వెళ్ళిపోయేవాడు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. మళ్ళీ వానలే. మార్కెట్ ఇంకా బైపాస్ అవతలే ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళూ కదపలేదు. ఒకరోజు అన్నయ్య భోజనమయ్యాక లేవకుండా కూర్చున్నాడు. జేబులోంచి మడత కాగితం తీశాడు.

"పైన తీర్మానం చేశారే" అన్నాడు మేనకోడలితో. మొహంలో ఏదో వెలుగు తెచ్చుకోవాలని చూస్తున్నాడు. "మార్కెట్ తరలింపు పొరపాటని పార్టీ ఒప్పుకుంది. ప్రజలకి బహిరంగంగా చెప్పమంది. నువ్వన్నదే. అప్పుడు నువ్వన్నదే, అక్షరాలా. మైకులో నువ్వే చెప్పాలని నేను పట్టుబట్టాను."

నేను కుట్టు ఆపాను. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు అడుగుతుంది, అప్పుడు నా చేత తప్పని చెప్పించారు కదా, ఇప్పుడు ఒప్పెలా అయింది అని. ఇల్లు ఎగిరిపోయేట్టు అరుస్తుంది. జీవితంలో మొదటిసారి భయం వెయ్యలేదు. అది అరవాలనే ఉంది నాకు.

అది కాగితం అందుకుని చదివింది.

"అలాగే మావయ్యా. ఎప్పుడు రమ్మంటారు?"

అన్నయ్య దాని మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు, మోటారు విప్పకముందు చూసినట్టు.

"ఏమీ అనవేంటే?"

"ఏమనాలి మావయ్యా?"

"ఏదో ఒకటి. తిట్టు. నీ మావయ్యని కదా, తిట్టవే."

నా కూతురు గ్లాసులు తీసి పళ్ళెంలో పెట్టింది.

"ఇంకొంచెం టీ పొయ్యమంటారా?" అంది.

ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. ఒక చెప్పు సరిగా పట్టక గుమ్మంలో రెండుసార్లు తడుముకున్నాడు.

ఆ వారమే నేను ఉల్లిపాయలకి బైపాస్ దాటి వెళ్ళాను. సన్నగా చినుకు. దూరంగా మా ఆటో వస్తోంది. హారన్లలోంచి నా కూతురి గొంతు, అదే పెద్ద గొంతు, ఈ మార్కెట్ ఇక్కడికి మార్చడం మా పార్టీ చేసిన పొరపాటు, మన్నించగలరు, అని చెప్తోంది. కాగితం మీద ఉన్నదున్నట్టు. ఆటో ఎక్కడా ఆగలేదు. బురద తప్పించుకుంటూ రోడ్డంచునే మెల్లగా వెళ్ళింది. ఒకరిద్దరు చేతులు జోడించారు.

ఉల్లిపాయలామె తక్కెడలోంచి తల ఎత్తలేదు. కుళ్ళినదొకటి ఏరి పక్కన పడేసి అడిగింది.

"మీ అమ్మాయిదేనా అండీ ఆ గొంతు? లేకపోతే రికార్డు వేశారా?"

గొడుగు మూసి నీళ్ళు దులుపుకున్నాను.

"రికార్డే" అన్నాను.